రెంటికీ చెడని మాంత్రికుడు

ఆ రోజు బల్ల మీద మ్యాపు పరిచి నాలుగు రాతి రాక్షసుల బొమ్మలు నిలబెట్టాను. మాంత్రికుడి పాత్ర వేస్తున్న మిత్రుడు చేతులు రుద్దుకుని "ఫైర్‌బాల్" అన్నాడు. ఆరు ముఖాల పాచికలు అయిదు తీసి వేశాడు. మొత్తం పదహారు పడింది. ఒక్కో రాక్షసుడికి నూరు పైచిలుకు హిట్ పాయింట్లు, అంటే దెబ్బలు తట్టుకునే ప్రాణబలం. మిత్రుడు విసిరిన నిప్పుల ముద్ద వాళ్ళకు చలిమంట కాచుకున్నట్టయింది. తరువాతి వంతు పక్కన కూర్చున్న అమ్మాయిది. ఆమెదీ పదో లెవెల్ పాత్రే, ఆమె వేసిందీ ఫైర్‌బాలే. కానీ ఆమె పది పాచికలు తీసింది.

"ఇద్దరిదీ పదో లెవెలే కదా, నాకు సగం పాచికలేమిటి?" అని అడిగాడు మిత్రుడు. అతను తన పది లెవెళ్ళలో అయిదు విజర్డ్‌కు, అయిదు క్లెరిక్‌కు పంచాడు. మంత్రశాస్త్రమూ దైవశక్తీ రెండూ చేతిలో ఉంటే తిరుగుండదనుకున్నాడు. "రెంటికీ చెడ్డ రేవడినయ్యాను" అని తనే తేల్చుకున్నాడు.

అప్పుడు మేము ఆడుతున్నది డంజన్స్ అండ్ డ్రాగన్స్ 3.5 ఎడిషన్. అతనికి జరిగింది అన్యాయమే. అయితే ఆ అన్యాయం ఏ ఒక్క నియమం తప్పూ కాదు. రెండు విద్యల మాంత్రికుణ్ణి ఎలా తూచాలన్న ప్రశ్నకు ఈ ఆటల రూపకర్తలు యాభై ఏళ్ళుగా జవాబులు మారుస్తూనే ఉన్నారు. ఆ చిక్కుముడి ఎక్కడ పడిందో చెప్పాలంటే ముందు మంత్రానికి ధర ఎందుకో చెప్పాలి.

ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. ఇందులో నలుగురయిదుగురు బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర వేస్తారు. ఒకరు డంజన్ మాస్టర్‌గా ఉండి లోకాన్నీ శత్రువులనూ నడుపుతారు. ఏం చేస్తామో నోటితో చెబుతారు, జరిగిందా లేదా అన్నది పాచికలు చెబుతాయి. ప్రతి పాత్రకూ ఒక క్లాస్ ఉంటుంది, అంటే వృత్తి: కత్తి పట్టే ఫైటర్, పుస్తకం చదివి మంత్రం వేసే విజర్డ్, దేవుడి దగ్గర శక్తి తెచ్చుకునే క్లెరిక్, ఇలా. ఆడినకొద్దీ అనుభవ పాయింట్లు వస్తాయి, అవి పోగయితే లెవెల్ పెరుగుతుంది. ఒకే పాత్ర రెండు మూడు వృత్తులు నేర్చుకోవడాన్ని మల్టీక్లాస్ అంటారు.

కర్ణుడి శక్తి, విజర్డ్ స్లాట్

కథలో మాంత్రికుడికి కొలతలు అక్కర్లేదు. మన జానపద కథల్లో మాంత్రికుడు రాకుమారిని చిలకను చేస్తాడు, కొండను ఎగరేస్తాడు, అయినా చివర్లో ఓడిపోతాడు. ఎప్పుడు ఓడాలో కథ చెప్పేవారికి తెలుసు కనుక సరిపోతుంది. ఆటలో ఆ మాంత్రికుడి పగ్గాలు ఆటగాడి చేతిలో ఉంటాయి. కొండను ఎగరేసే మంత్రం ఉచితంగా దొరికితే అతను ప్రతి ఆరు సెకన్లకూ ఒక కొండను ఎగరేస్తాడు, పక్కన కత్తి పట్టుకున్న మిత్రుడు ఫోను చూసుకుంటూ కూర్చుంటాడు. అందుకే మంత్రానికి ధర కట్టాలి.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆటను ప్రచురించినప్పుడు ధర కట్టే పద్ధతికి మూలం జాక్ వాన్స్ కథల్లో దొరికింది. 1950లో వచ్చిన 'ది డయింగ్ ఎర్త్'లో మాంత్రికులు మంత్రాన్ని కష్టపడి బుర్రలోకి ఎక్కించుకుంటారు. ఒకసారి ప్రయోగించగానే అది బుర్రలోంచి చెరిగిపోతుంది, మళ్ళీ పుస్తకం తెరవాలి. ఒక్కో బుర్రలో కొన్నే పడతాయి. ఈ పద్ధతిని ఆటగాళ్ళు ఇప్పటికీ వాన్సియన్ మ్యాజిక్ అంటారు. ఆటలోని ప్రసిద్ధ దుష్ట మాంత్రికుడు వెక్నా పేరు కూడా వాన్స్ పేరులోని అక్షరాలను తారుమారు చేస్తే వచ్చిందే.

కొత్తగా ఆడేవారికి ఈ 'మరచిపోవడం' వింతగా తోస్తుంది. నేను మాత్రం కర్ణుణ్ణి తలుచుకోమంటాను. ఇంద్రుడిచ్చిన శక్తి ఆయుధం ఒక్కసారికే పనికొస్తుంది. కర్ణుడు దాన్ని అర్జునుడి కోసం దాచుకున్నాడు. ఘటోత్కచుడు రాత్రి యుద్ధంలో కౌరవసేనను చిందరవందర చేస్తుంటే గత్యంతరం లేక అతని మీద వదిలాడు. కృష్ణుడు ఎందుకు సంతోషించాడో స్లాట్లు, అంటే రోజుకు వేయగల మంత్రాల వంతులు, లెక్కపెట్టుకునే ఏ విజర్డ్ ఆటగాడికైనా తెలుస్తుంది. శత్రువు అతి పెద్ద స్లాట్ ఖర్చయిపోయింది మరి. ఇప్పుడు వాడాలా, అసలు శత్రువు వచ్చేదాకా దాచాలా అన్న ఆ గుంజాటనే ఈ ఆటలో మంత్రానికి అసలు రుచి. ధర లేకపోతే ఆ గుంజాటన ఉండదు.

ధర ఒక్క రకంగానే కట్టాలని లేదు. అలసటతో కట్టవచ్చు, పాయింట్లతో కట్టవచ్చు, వికటించే ప్రమాదంతో కట్టవచ్చు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఎంచుకున్నది స్లాట్లను. రోజుకు ఇన్ని చిన్న మంత్రాలు, ఇన్ని పెద్దవి, నిద్రపోయి లేస్తే మళ్ళీ నిండుతాయి. పాయింట్ల పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది: ఉన్నదంతా మొదటి పోరులోనే అతి పెద్ద మంత్రాల మీద కుమ్మరించేసి, ఇక పడుకుందాం అంటారు. స్లాట్లలో చిన్నవి చిన్నవిగానే మిగులుతాయి, వాటితో ఏదో ఒక తెలివైన పని చేయక తప్పదు. ఈ ఒక్క కారణానికి నాకు స్లాట్లంటే ఇష్టం.

కత్తి కూడుతుంది, మంత్రం కూడదు

ఇప్పుడు చిక్కుముడి. ఈ ఆటలో 'లెవెల్' అన్న మాట పాత్రకూ వాడతారు, మంత్రానికీ వాడతారు. పదో లెవెల్ విజర్డ్ పదో లెవెల్ మంత్రం వేస్తాడనుకుని బోల్తా పడని కొత్తవాణ్ణి నేను చూడలేదు. అందుకని మంత్రాల విషయంలో 'మెట్టు' అంటాను. మెట్లు తొమ్మిది. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ నుంచి విజర్డ్ దాదాపు ప్రతి రెండు లెవెళ్ళకూ ఒక మెట్టు ఎక్కుతాడు: అయిదో లెవెల్లో మూడో మెట్టు, తొమ్మిదో లెవెల్లో అయిదో మెట్టు, పదిహేడో లెవెల్లో తొమ్మిదో మెట్టు. మొదటి మెట్టు మీద మిణుకుమనే బాణాలుంటాయి. మూడో మెట్టు మీద ఫైర్‌బాల్, గాలిలో ఎగరడం. అయిదో మెట్టు మీద వందల మైళ్ళు క్షణంలో దాటడం, చనిపోయినవారిని బతికించడం. తొమ్మిదో మెట్టు మీద కోరిక కోరితే జరిగిపోవడం. ఒక మెట్టు మీదినుంచి మరో మెట్టుకు వెళితే బలం కొంచెం పెరగడం కాదు, ఆటే మారిపోతుంది.

దీన్ని ఫైటర్‌తో పోల్చి చూడండి. మూడో ఎడిషన్లో అయిదు లెవెళ్ళ ఫైటర్‌కు దాడిలో అయిదు కలుస్తుంది. అయిదు లెవెళ్ళ బార్బేరియన్‌కూ అయిదే. ఒకే పాత్ర రెండూ నేర్చుకుంటే మొత్తం పది, నిఖార్సయిన పదో లెవెల్ ఫైటర్‌కు ఉన్నంతే. మంత్రం దగ్గరకొచ్చేసరికి ఈ కూడిక ఆగిపోతుంది. అయిదు లెవెళ్ళ విజర్డ్ మూడో మెట్టు, అయిదు లెవెళ్ళ క్లెరిక్ మూడో మెట్టు. రెండు మూడో మెట్లు పక్కపక్కన పెట్టినా అయిదో మెట్టు కాదు. రెండు ఇళ్ళకూ మూడేసి అంతస్తులున్నంత మాత్రాన అయిదో అంతస్తు బాల్కనీ రాదు కదా.

మా మిత్రుడికి తగిలిన దెబ్బ ఇక్కడిదే. పైగా ఆ ఎడిషన్లో ఫైర్‌బాల్ పాచికల సంఖ్య ఆ ఒక్క వృత్తిలో ఉన్న లెవెళ్ళను బట్టి వస్తుంది. అతనికి అయిదు విజర్డ్ లెవెళ్ళు కనుక అయిదు పాచికలు. కాబట్టి రెండు విధాలా నష్టపోయాడు. పెద్ద మంత్రాలు అందలేదు, ఉన్న చిన్న మంత్రాలు కూడా సన్నబడ్డాయి. క్లెరిక్ లెవెళ్ళు అతనికి వైద్యం నేర్పాయి నిజమే, కానీ పదో లెవెల్ శత్రువులు కొట్టే దెబ్బలకు ఆ వైద్యం చిటికెడు పసుపంత.

దీనికి ఇంకో పక్క కూడా ఉంది. దాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. రెండు మంత్రాల జాబితాలున్నా నోరు ఒక్కటే. ఆటలో ఒక వంతు అంటే ఆరు సెకన్లు, అందులో మామూలుగా ఒక్క మంత్రమే వేయగలరు. విజర్డ్ మంత్రం వేస్తే ఆ వంతులో క్లెరిక్ మంత్రం ఊరుకోవాలి. కాబట్టి రెండు విద్యలు కలిస్తే వెడల్పు పెరుగుతుంది, ఎత్తు పెరగదు. ఆరు సెకన్లలో గెలుపోటములు తేలే చోట ఎత్తుదే పైచేయి. సత్రంలో, రాజసభలో, అడవిదారిలో వెడల్పు పనికొస్తుంది. రూపకర్త ముందున్న ప్రశ్న ఏమిటంటే, ఆ వెడల్పు కోసం ఎంత ఎత్తు వదులుకోమనాలి?

పాత పట్టికల్లో దాగిన తెలివి

తొలి ఆటలో ఈ ప్రశ్నకు చమత్కారమైన జవాబుంది. 1974 నియమాల ప్రకారం ఎల్ఫ్ జాతివాడు ఒక సాహసంలో కత్తివీరుడిగా, ఇంకో సాహసంలో మాంత్రికుడిగా వెళ్ళవచ్చు. మధ్యలో మారకూడదు. పొద్దున టోపీ, సాయంత్రం తలపాగా అన్నమాట. 1981 నాటి బేసిక్ పుస్తకంలో ఎల్ఫ్ అనేదే ఒక వృత్తి అయిపోయింది. కత్తీ మంత్రమూ రెండూ ఉంటాయి, కానీ రెండో లెవెల్‌కు చేరడానికి ఫైటర్‌కు 2,000 అనుభవ పాయింట్లు చాలితే ఎల్ఫ్‌కు 4,000 కావాలి. నిజాయితీ గల ధర.

1978 నాటి అడ్వాన్స్‌డ్ పుస్తకంలోనూ, 1989లో వచ్చిన దాని రెండో ఎడిషన్లోనూ మల్టీక్లాస్ అంటే సంపాదించిన అనుభవాన్ని వృత్తుల మధ్య సమంగా పంచుకోవడం. వినడానికి సగానికి సగం నష్టంలా ఉంటుంది. పట్టిక తీసి చూస్తే వేరే సంగతి. రెండో ఎడిషన్లో మాంత్రికుడికి అయిదో లెవెల్ 20,000 దగ్గర, ఆరో లెవెల్ 40,000 దగ్గర. ఫైటర్‌కు అయిదో లెవెల్ 16,000, ఆరోది 32,000. ఇప్పుడు ముగ్గురికి తలా 40,000 ఇవ్వండి. ఒట్టి మాంత్రికుడు ఆరో లెవెల్. ఒట్టి ఫైటర్ ఆరో లెవెల్. సగం సగం పంచుకున్నవాడు అయిదో లెవెల్ ఫైటర్, అయిదో లెవెల్ మాంత్రికుడు, రెండూ ఒకేసారి! సగం వాటా ఇచ్చినా వెనకబడింది ఒక్క లెవెలే.

కారణం ఆ పట్టికల్లో ఉంది. ఒక్కో లెవెల్‌కు కావలసిన అనుభవం దాదాపు రెట్టింపవుతూ పోతుంది. రెట్టింపయ్యే మెట్ల మీద సగం వాటా అంటే ఒక మెట్టు కిందన్నమాటే. పై లెవెళ్ళలో రెట్టింపు ఆగిపోయి తేడా పెరుగుతుంది, ఎల్ఫ్‌లకూ మరుగుజ్జులకూ లెవెల్ గరిష్ఠ పరిమితులు కూడా ఉండేవి. కానీ చాలా బృందాలు అంత దూరం వెళ్ళేలోపే ఏదో ఒక డ్రాగన్ కథ ముగిస్తుంది. మనుషులకు మాత్రం ఈ సౌకర్యం లేదు. వాళ్ళు మొదటి వృత్తిని వదిలేసి రెండోదాన్ని ఒకటో లెవెల్ నుంచి మొదలెట్టాలి. పాత్రకు బలం, తెలివి వంటి గుణాలకు అంకెలుంటాయి. వృత్తి మారడానికి పాత వృత్తికి ముఖ్యమైన గుణంలో 15, కొత్తదానికి 17 ఉండాలి. కొత్తది పాతదాన్ని దాటేదాకా పాత విద్య వాడితే అనుభవం దక్కదు. ఊరు మారి మళ్ళీ ఒకటో తరగతిలో చేరిన పెద్దాయనలా ఉంటుంది ఆ పరిస్థితి.

ఇంత గజిబిజిని మూడో ఎడిషన్ ఒక్క దెబ్బకు ఊడ్చేసింది. అన్ని వృత్తులకూ ఒకే అనుభవ పట్టిక, లెవెల్ పెరిగినప్పుడల్లా ఏ వృత్తి కావాలంటే ఆ వృత్తిలో ఒక లెవెల్ తీసుకోవచ్చు. చూడముచ్చటైన స్వేచ్ఛ. కానీ పాత పట్టికలోని రెట్టింపు పోయింది. రెండో లెవెల్‌కు 1,000, మూడో లెవెల్‌కు 3,000, నాలుగుకు 6,000, అలా మెల్లగా సాగే పట్టిక వచ్చింది. పాత గజిబిజిలో తెలియకుండానే కుదిరిన న్యాయం గజిబిజితో పాటే కొట్టుకుపోయింది. నియమాలను శుభ్రం చేసేటప్పుడు దేని మీద ఏది ఆనుకుని ఉందో చూడకపోతే ఇలాగే జరుగుతుంది.

తరువాత మరమ్మతులు మొదలయ్యాయి. 3.5 ఎడిషన్ డంజన్ మాస్టర్ పుస్తకంలో మిస్టిక్ థియర్జ్ అనే ప్రత్యేక వృత్తి ఉంది. మూడు లెవెళ్ళ విజర్డ్, మూడు లెవెళ్ళ క్లెరిక్ అయ్యాక అందులో చేరవచ్చు, అక్కడ ఒక్కో లెవెల్‌కు రెండు విద్యలూ కలిసి పెరుగుతాయి. కాగితం మీద చదివితే ఒళ్ళు జలదరిస్తుంది, ఒకే దెబ్బకు రెండు పిట్టలు. ఆడి చూస్తే అంత లేదు. పదో లెవెల్లో అతను ఏడో లెవెల్ విజర్డ్‌తో, ఏడో లెవెల్ క్లెరిక్‌తో సమానం, అంటే రెంటిలోనూ నాలుగో మెట్టు. ఏడో లెవెల్ దగ్గరైతే ఘోరం, పక్కవాడు నాలుగో మెట్టు మీద కూర్చుంటే ఇతను ఇంకా రెండో మెట్టు మీదే ఉంటాడు. సంచి నిండా మంత్రాలున్నా వంతుకు ఒక్కటే తీయగలడు. రోజుకు పది పోరాటాలు పెట్టే డంజన్ మాస్టర్ దొరికితే మాత్రం అతనే రాజు, అందరి స్లాట్లూ అయిపోయాక కూడా అతని దగ్గర మిగిలే ఉంటాయి.

కత్తీ మంత్రమూ కలిపేవారి కోసం ఎల్డ్రిచ్ నైట్ అని ఇంకొకటి వచ్చింది. అటువంటి పాత్రలను ఆటగాళ్ళు గిష్ అంటారు. 1981 నాటి రాక్షసుల పుస్తకం ఫీండ్ ఫోలియోలో గిత్‌యాంకీ అనే జాతిలో కత్తీ మంత్రమూ రెండూ తెలిసినవారికి పెట్టిన పేరది. అసలు జాతి సంగతి మరిచిపోయినవారు కూడా ఆ పేరు వాడుతూనే ఉన్నారు. 2008 నాటి నాలుగో ఎడిషన్ మల్టీక్లాస్‌ను చిన్న చిన్న ఫీట్ల కింద, అంటే పాత్రకు అదనంగా తగిలించే చిన్న నైపుణ్యాల కింద కుదించింది. ఎవరికీ ఇబ్బంది లేదు, ఎవరికీ పెద్ద సరదా కూడా లేదు.

శక్తి వేరు, విద్య వేరు

2014లో వచ్చిన అయిదో ఎడిషన్ చేసిన పని నా దృష్టిలో వీటన్నిటిలోకీ తెలివైనది. మాంత్రికుడి బలం అని మనం కలిపి చూస్తున్నదాన్ని రెండు ముక్కలు చేసింది. ఒకటి శక్తి, అంటే స్లాట్లు. రెండోది విద్య, అంటే ఏ మంత్రాలు వచ్చు. శక్తి కూడుతుంది, విద్య కూడదు.

లెక్క ఇలా ఉంటుంది. పూర్తి మాంత్రిక వృత్తులైన విజర్డ్, క్లెరిక్, బార్డ్, డ్రూయిడ్, సార్సరర్ లెవెళ్ళను పూర్తిగా కూడాలి. సగం మాంత్రికులైన పాలడిన్, రేంజర్ లెవెళ్ళలో సగం కలపాలి. మంత్రం రుచి మాత్రమే చూసిన కొన్ని ఫైటర్, రోగ్ శాఖల లెవెళ్ళలో మూడో వంతు. వచ్చిన మొత్తానికి ఒకే పట్టికలో స్లాట్లు చూసుకోవాలి. 2014 పుస్తకంలో పాలడిన్ సగాన్ని కిందికి సరిచేస్తే, 2024 సవరణలో పైకి సరిచేశారు.

మా మిత్రుడి పాత్రనే ఇందులో పెట్టి చూద్దాం. అయిదు విజర్డ్, అయిదు క్లెరిక్, మొత్తం పది. కాబట్టి అతనికి పదో లెవెల్ మాంత్రికుడి స్లాట్లన్నీ వస్తాయి: మొదటి మెట్టువి నాలుగు; రెండో, మూడో, నాలుగో మెట్లవి మూడేసి; అయిదో మెట్టువి రెండు. కానీ మంత్రాలు మాత్రం మూడో మెట్టు దాకానే తెలుసు. మరి అయిదో మెట్టు స్లాట్ ఎందుకు? చిన్న మంత్రాన్ని పెద్ద స్లాట్‌లో పోసి వేయవచ్చు. అయిదో ఎడిషన్ ఫైర్‌బాల్ మామూలుగా ఎనిమిది పాచికలు, మూడో మెట్టు దాటిన ప్రతి మెట్టుకూ ఒకటి అదనం. అయిదో మెట్టు స్లాట్‌లో పోస్తే పది. అంటే నిఖార్సయిన విజర్డ్ ఫైర్‌బాల్ ఎంతో ఇతనిదీ అంతే. శత్రువు తప్పించుకునే లెక్కలో కలిసే నైపుణ్య సంఖ్య కూడా మొత్తం లెవెల్‌ను బట్టే వస్తుంది కనుక అక్కడా సన్నబడడు.

వదులుకున్నదేమిటి? అయిదో మెట్టు విద్య. శత్రువుల మధ్య కనబడని గోడ కట్టే మంత్రం అతనికి రాదు, చనిపోయినవారిని ఆ మెట్టు నుంచి లేపడం రాదు. ఇంకొకటి, విజర్డ్‌కు తెలివి కావాలి, క్లెరిక్‌కు వివేకం కావాలి. రెండూ పెంచాలంటే ఒంటి బలానికి మిగలదు. మల్టీక్లాస్ చేయాలంటే రెండు వృత్తుల ముఖ్య గుణాలూ కనీసం 13 ఉండాలన్న నియమం తలుపు దగ్గరే ఈ సంగతి గుర్తుచేస్తుంది. పాలడిన్, సార్సరర్, వార్లాక్, బార్డ్ నలుగురి మంత్రాలకూ ఆధారం ఆకర్షణ అనే ఒకే గుణం కావడం వల్లే వాళ్ళు ఒకరితో ఒకరు అంత తేలిగ్గా కలిసిపోతారు. దీన్ని రూపకర్తలు ముందే ఊహించి ఉండాల్సింది.

కారే చోట్లు

ఎంత బాగా కట్టినా ఎక్కడో ఒకచోట కారుతుంది. అయిదో ఎడిషన్లో కారే మొదటి చోటు ప్రతి వృత్తి మొదటి లెవెల్. వృత్తిని ఆకర్షణీయంగా మొదలుపెట్టాలని మంచి మంచివన్నీ అక్కడే పేర్చారు. విజర్డ్ ఒక్కటంటే ఒక్క లెవెల్ క్లెరిక్ తీసుకుంటే డాలు, మధ్యరకం కవచం వాడే హక్కు వస్తుంది. స్లాట్లు ఒక్కటీ తగ్గవు, పెద్ద మంత్రాలు ఒక లెవెల్ ఆలస్యమవుతాయి, అంతే. గుడి గుమ్మం దాకా వెళ్ళి ప్రసాదం తీసుకుని వెనక్కి తిరిగిన విజర్డ్‌లు నా బల్ల దగ్గర ఇప్పటికి ముగ్గురు.

రెండోది వార్లాక్ అనే ఇంకో మంత్ర వృత్తి. అతని స్లాట్లు పై పట్టికలో కలవవు. అవి తక్కువే, కానీ రాత్రి నిద్ర అక్కర్లేకుండా గంటసేపు చిన్న విరామంలోనే నిండుతాయి. సార్సరర్‌కేమో స్లాట్‌ను కరిగించి పాయింట్లుగా, పాయింట్లను మళ్ళీ స్లాట్లుగా మార్చే విద్య ఉంది. విడివిడిగా రెండూ ముచ్చటైనవే. కలిపితే ఏమవుతుందో చూడండి. అయిదు వార్లాక్ లెవెళ్ళు, మూడు సార్సరర్ లెవెళ్ళు ఉన్న పాత్రకు ప్రతి గంటా మూడో మెట్టు స్లాట్లు రెండేసి వస్తాయి. ఒక్కోదాన్ని కరిగిస్తే మూడు పాయింట్లు, మూడు పాయింట్లతో రెండో మెట్టు స్లాట్ ఒకటి. గంటకు రెండు. 2014 పుస్తకం ప్రకారం ఇలా చేసుకున్న స్లాట్లు రాత్రి నిద్రతో మాయమవుతాయి. అయితే నిద్రపోకపోతే సరి! మిగిలినవాళ్ళు ఎనిమిది గంటలు గురకపెడుతుంటే ఇతను ఎనిమిది చిన్న విరామాలు తీసుకుని పదహారు స్లాట్లతో పొద్దున నవ్వుతూ ఎదురొస్తాడు. అదే లెవెల్ సార్సరర్‌కు రెండో మెట్టు స్లాట్లు సహజంగా ఉండేవి మూడు. కాఫీ తాగుతూ మేలుకునే వార్లాక్ కనుక దీనికి కాఫీలాక్ అని పేరు. 2017లో వచ్చిన ఒక అనుబంధ పుస్తకం, రోజంతా నిద్రలేకపోతే నీరసం ఎక్కే ఐచ్ఛిక నియమాన్ని ఇచ్చింది. మా ఇంట్లో రాత్రి షిఫ్టు చేసినవారెవరైనా ఆ నియమాన్ని ముందే రాసి ఉండేవారు.

కాఫీలాక్ ఒక కొంటె ఉదాహరణే అయినా దాని వెనక సంగతి గట్టిది. వార్లాక్ ధరను గంటల్లో కట్టారు, సార్సరర్ ధరను రోజుల్లో కట్టారు. రెండు వేర్వేరు నాణేల మధ్య మారకం దుకాణం తెరిస్తే ఎవరో ఒకరు అక్కడే కూర్చుని సంపాదిస్తారు. సొంతంగా మంత్ర నియమాలు రాసుకునే డంజన్ మాస్టర్లకు నేను ముందు చూడమనేది ఇదే. మంత్రం ఎంత బలమైనదన్నది తరువాత, దాని ధర ఏ నాణెంలో ఉంది, ఆ నాణెం ఇంకెక్కడైనా చెల్లుతుందా అన్నది ముందు.

క్రియ, విభక్తి

ఈ మెట్ల గోల లేని దారి కూడా ఒకటుంది. 1987లో జొనాథన్ ట్వీట్, మార్క్ రైన్ హేగన్ రాసిన ఆర్స్ మ్యాజికాలో వృత్తులు లేవు. మధ్యయుగపు ఐరోపాలో ఉండే మాంత్రికులకు పదిహేను కళలుంటాయి. అయిదు క్రియలు, పది వస్తువులు. క్రియలు సృష్టించడం, తెలుసుకోవడం, మార్చడం, నాశనం చేయడం, అదుపు చేయడం. వస్తువులు నిప్పు, నీరు, శరీరం, మనసు వంటివి. ఏ క్రియనైనా ఏ వస్తువుతోనైనా కలపవచ్చు. పేర్లు లాటిన్‌లో ఉంటాయి: క్రేయో ఇగ్నెమ్ అంటే 'నిప్పును సృష్టిస్తున్నాను'. లాటిన్‌లో వస్తువు పేరు చివర 'మ్' చేసే పనే మన 'ను' చేస్తోంది. ద్వితీయా విభక్తి చదువుకున్నవారికి ఈ ఆట వ్యాకరణం అలవాటైనదే.

ఇందులో కూడిక ఎలా పనిచేస్తుందో చూడండి. సృష్టి కళలో 10, నిప్పు కళలో 8 ఉంటే నిప్పును సృష్టించడానికి రెండూ కలుస్తాయి. రేపు నీటి కళ పెంచుకుంటే పాత సృష్టి కళ దానికీ పనికొస్తుంది. నేర్చుకున్నది దేనికీ వృథా పోదు. వెడల్పు, ఎత్తు ఒకదానికొకటి సాయపడతాయి. అప్పటికప్పుడు ఊహించుకున్న మంత్రాన్ని కూడా వేయవచ్చు, కానీ కళల మొత్తాన్ని సగం చేసుకుని అలసిపోవాలి, అలసట వద్దంటే అయిదో వంతే దక్కుతుంది. ఎంత అందంగా ఉన్నా దీనికీ ఓ ధర ఉంది, అది బల్ల దగ్గర కూర్చున్నవారు చెల్లిస్తారు. "నీటిని మార్చి మంచు వంతెన చేస్తాను, ఎంత కష్టం?" అని ఆటగాడు అడిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు జవాబు చెప్పాలి, ఆ జవాబు మీద పావుగంట వాదన జరుగుతుంది. వాదన ఇష్టమైన బృందానికి ఇంతకు మించిన ఆట లేదు.

ఆ ట్వీటే పదమూడేళ్ళ తరువాత డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడో ఎడిషన్ రూపకర్తల్లో ముఖ్యుడు, అంటే మా మిత్రుడి అయిదు పాచికల వెనక ఆయన చేయి కూడా ఉంది. నాలుగో ఎడిషన్‌కు నాయకత్వం వహించిన రాబ్ హైన్సో, ఆయన కలిసి 2013లో థర్టీన్త్ ఏజ్ అనే ఆట తెచ్చారు. దానికి మరుసటి ఏడాది వచ్చిన అనుబంధంలో మల్టీక్లాస్ నియమం ఉంది. రెండు వృత్తులూ మొదటి లెవెల్ నుంచే పక్కపక్కన నడుస్తాయి, శక్తుల విషయంలో ఒట్టి వృత్తివారికంటే ఒక లెవెల్ వెనక. ఒక్క లెవెల్. 40,000 అనుభవ పాయింట్లను సగం సగం పంచుకున్న ఆ పాత కత్తివీర మాంత్రికుడు సరిగ్గా అక్కడే నిలబడి ఉన్నాడు.

మా మిత్రుడి సంగతి చెప్పాలి. మేము అయిదో ఎడిషన్‌కు మారాక అతను పంతం పట్టి అదే పాత్రను మళ్ళీ రాసుకొచ్చాడు: అయిదు విజర్డ్, అయిదు క్లెరిక్. నేనూ పంతానికి అవే నాలుగు బొమ్మలు పెట్టాను. అయిదో మెట్టు స్లాట్ ఒకటి కొట్టేసి, లెక్కపెడుతూ పది పాచికలు తీశాడు. ముప్పై తొమ్మిది పడింది. బల్ల అదిరేలా నవ్వాడు. తరువాత ఆ అమ్మాయి వంతు వచ్చింది. ఆమె పాచికలు ముట్టుకోలేదు. స్కేలు తీసి మ్యాపు మీద ఒక గీత గీసింది. రెండు బొమ్మలు గీతకు ఇవతల, రెండు అవతల. "ఫోర్స్ గోడ. ముందు ఈ ఇద్దరి సంగతి చూద్దాం" అంది.

అతను తన మంత్రాల కాగితం ఒకసారి పైనుంచి కిందికి చూసుకున్నాడు. "ఇంకో స్లాట్ ఉంది నాకు, అదే మెట్టుది" అన్నాడు. "మంత్రమే లేదు."